తొక్కుడబ్బాలో రెండు పళ్లు

స్టీలు సాసరులో రెండు పళ్లు పడి ఉన్నాయి.

"ఇవేనా?" అంది బాలమణి.

"ఇవే," అన్నాడు అనంత్ రావు, ముఖం పక్కకు తిప్పుకొని. "జర గా దిక్కుకు జరుపమ్మా. పొద్దుగాల ఉప్మా తిన్న. అది లోపట నిలవడ్తలేదు."

బాలమణి సాసరును తనవైపు జరుపుకుంది. పైవరసలో ముందుండే రెండు కట్టుడు పళ్లు. గులాబిరంగు చిగురుముక్కకు అతికించి ఉన్నాయి. దానికి అటొక తీగ కొక్కెం, ఇటొక తీగ కొక్కెం. కారం నూనె పట్టి పళ్లు రెండూ నారింజరంగుకు తిరిగాయి. సందులో ఒక మెంతిగింజ ఇరుక్కొని ఇంకా అక్కడే ఉంది.

జగిత్యాలలో ప్రైవేటు డిటెక్టివ్ అంటే బాలమణి ఒక్కతే. వచ్చే కేసుల్లో చాలామటుకు పెళ్లి సంబంధాలవి. పిల్లగాడు తాగుతాడా, దుబాయిలో నిజంగా సూపర్‌వైజరేనా, అక్కడ ఇంకో సంసారమేమైనా ఉందా అని ఆరా తీయడంలో ఆమెకు పేరు. తన మాట మీద కుదిరిన పెళ్లిళ్ల కంటే తప్పిపోయిన పెళ్లిళ్లే ఎక్కువని, అందుకే ఏ పెళ్లికీ తనను పిలవరని ఆమే చెప్పుకొని నవ్వుతుంది. తొక్కులో పళ్ల కేసు మాత్రం ఆమెకూ కొత్తే.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె సాగుతున్న రోజులవి. బస్సులు డిపోల్లో ఉన్నాయి, ఆఫీసులకు తాళాలున్నాయి, జనమంతా రోడ్ల మీద ఉన్నారు. నడిరోడ్డు మీదనే పొయ్యిలు పెట్టి, అక్కడే వండి, అక్కడే బంతులు తీరి తినే వంటా వార్పు ప్రతి ఊళ్లోనూ జరుగుతోంది. కోరుట్లలో తొక్కుల, అంటే పచ్చళ్ల ఫ్యాక్టరీ నడిపే అనంత్ రావు, ఉద్యమానికి తన వంతుగా మామిడికాయ తొక్కు డబ్బాలకు డబ్బాలు ఉచితంగా పంపిస్తున్నాడు. డబ్బా మీద ఆయన భార్య కౌసల్య పేరు, బొమ్మ. ఎక్కడ బంతి లేచినా ఆయన పేరు నాలుగుసార్లు వినబడుతోంది.

మొన్న సిరిసిల్లలో సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద పనిచేసే కార్మికుల శిబిరం. అక్కడి నాయకుడు గంగారాం ముద్ద కలిపి నోట్లో పెట్టుకోగానే కటుక్కుమంది. తన పన్నే విరిగిందనుకొని నాలుకతో లెక్క చూసుకున్నాడు. అన్నీ ఉన్నాయి. పైగా రెండు ఎక్కువున్నాయి.

ఆ వెంటనే పళ్లను ఒక మనిషితో పంపించి, ఫోను చేశాడు. "గీ పండ్లు ఎవ్వలియో ఎల్లుండి పొద్దుగూకేలోపట చెప్పాలె. చెప్పకుంటే మా వంటా వార్పు మీ గేటు ముంగటనే. మీ తొక్కంత రోడ్డు మీద పారవోస్తం," అన్నాడు. ఆ గడువు ఇవాళ్టితో తీరుతుంది.

"పోలీసోళ్లకు చెప్తే పేపర్లకెక్కుతది," అన్నాడు అనంత్ రావు. "అందుకే నిన్ను పిలిపించిన. ఫ్యాక్టరీల నలుబది మంది ఆడోళ్లున్నరు. గేటు పడ్డదంటే వాళ్లందరి పని పోతది. నువ్వు డిటెక్టివ్ అని ఎవ్వలకూ చెప్పలే. ఇంటర్నల్ ఆడిట్‌కు వచ్చిందని చెప్పిన. మన ఇంట్ల తప్పులు మనమే ఎతుక్కునుడు అన్నట్టు."

"ఆడిట్‌కు నేనున్న గద మామా!"

తలుపు దగ్గర నిలబడి అంతా విన్నవాడు శ్రీకాంత్. అనంత్ రావు అక్క కొడుకు. హైదరాబాదులో ఎంబీయే చదివి, లీడ్ ఆడిటర్ ట్రైనింగ్ సర్టిఫికెట్ ఒకటి పటం కట్టించుకొని వచ్చి, ఏడాదిగా ఫ్యాక్టరీలో క్వాలిటీ మేనేజరుగా ఉన్నాడు. తలకు టోపీ, చేతులకు గ్లౌజులు, మూతికి మాస్కు. ఆఫీసు గదిలోకి వచ్చినా మాస్కు తీయలేదు. చాయ్ వస్తే వద్దన్నాడు.

"దొంగ దొరికినంక డిటెక్టివ్ ఎందుకు?" అన్నాడు. "అంజవ్వను నిన్ననే పని బంద్ చేయించిన. స్టాఫ్ మొత్తంల పండ్లు లేనిది ఆమెకొక్కదానికే. లాజిక్ సింపుల్."

"ఒప్పుకున్నదా?"

"ఒప్పుకోదు. ఏడుస్తది. గేటుకాడ కూసున్నది చూడుండ్రి."

బాలమణి కిటికీలోంచి చూసింది. చందుర్తి నుంచి ఈ ఊరికి కోడలిగా వచ్చి, కౌసల్యమ్మ వంటింట్లో తొక్కు కలిపిన నాటి నుంచి ఇక్కడే ఉన్న ముసలమ్మ. కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, కొత్తగా వచ్చిన పనిమనిషిలా గేటు పక్కన ఒదిగి కూర్చుంది.

"ఆడిట్ ఎట్ల చేస్తరు సార్ మీరు?" అంది బాలమణి ఇటు తిరిగి.

శ్రీకాంత్ ఈ ప్రశ్న కోసమే ఏడాదిగా ఎదురు చూస్తున్నట్టు కుర్చీ లాక్కున్నాడు. "దీనికి పద్ధతి ఉంటది మేడం. సెక్షన్ వారీగ, క్లాజు వారీగ చెక్‌లిస్టు ఉన్నది. ఒక్కొక్క ప్రశ్న అడుగుత. ఉన్నదా, లేదా. టిక్కు. సరుకు కొనే కాడికెళ్లి లారీ ఎక్కేదాంక ఏదీ మిస్ కాదు."

"ప్రశ్నలు ఎవలను అడుగుతరు?"

"ఆ సెక్షన్ ఇంచార్జీని."

"ఇంచార్జీ ఎవలు?"

"అన్నిటికీ నేనే."

"అంటే మీరే అడుగుతరు, మీరే చెప్తరు."

"టైం కలిసొస్తది," అన్నాడు శ్రీకాంత్, అందులో తప్పేమీ కనబడనట్టు.

బాలమణి నవ్వు ఆపుకుంది. "నా పద్ధతి వేరే సార్. ఒక పిలగాని సంగతి తెలువాలంటే నేను వాళ్లింటికి పోయి 'మీ కొడుకు మంచోడేనా' అని అడుగ. అడిగితే అందరూ మంచోడే అంటరు. పొద్దుగాల ఇంట్లకెళ్లి ఎల్లినప్పటిసంది మళ్ల ఇల్లు చేరేదాంక వాని ఎంబడి తిరుగుత. గీడ గూడ గంతే. గా పండ్లు ఎల్లిన డబ్బా ఎంబడి పోత. అది ఎక్కడెక్కడ ఆగిందో అక్కడక్కడ ఆగుత. సెక్షన్లు గిక్షన్లు నాకు దెల్వది."

"దాన్ని ప్రాసెస్ అప్రోచ్ అంటరు. కొత్తదేం కాదు," అన్నాడు శ్రీకాంత్. "కని మీరు ఒక్క డబ్బా ఎంబడి పోతే మిగిలిన ఫ్యాక్టరీ ఎవలు చూస్తరు? గోదాంల ఎలుకలుంటే? నూనె చెడిపోతే? మీ డబ్బా అటుదిక్కు పోనే పోదు గద!"

ఆ మాటలో న్యాయముందని బాలమణి మనసులో ఒప్పుకుంది. పైకి ఒప్పుకోలేదు. ఎదుటివాడు గెలిచాననుకుంటే ఇంకో రెండు మాటలు ఎక్కువ మాట్లాడతాడు, అందులో ఒకటి పనికొస్తుందని ఆమె అనుభవం.

"ఏదో ఒకటి ఖాయం చెయ్యిండ్రి సార్," అంది అనంత్ రావుతో.

అనంత్ రావుకు ఎవరినీ కాదనడం చేతకాదు. తండ్రి దొరతనం చేసిన ఊళ్లోనే తాను ఓట్లడుగుదామన్న ఆలోచన ఒకటి లోపల ఉండటంతో, ఈమధ్య అది బొత్తిగా చేతకాకుండా పోయింది. "ముందుగాల మావోడు చేస్తడు. ఎంబడే నువ్వు చెయ్యి. ఇద్దరియీ మంచియే," అన్నాడు.

శ్రీకాంత్ ఆడిట్ తొక్కు కలిపే గదిలో మొదలైంది. గది తళతళలాడుతోంది. మధ్యలో స్టీలు మిక్సరు మిషను పెళ్లికొడుకులా ఉంది. అంజవ్వ స్థానంలో నిన్నటి నుంచి రాధమ్మ అనే ఆమెను పెట్టారు. పెద్ద గొంతు, పెద్ద బొట్టు. మిషను పక్కన అటెన్షన్‌లో నిలబడింది.

"సిబ్బంది గాజులు, పిన్నీసులు, వ్యక్తిగత వస్తువులు ధరించుట నిషేధించబడినదా?"

"బడింది సార్."

టిక్కు.

"చేతులు కడుగుకొనుటకు సౌకర్యం కలదా?"

"కలదు సార్."

బాలమణి వెళ్లి నల్లా తిప్పింది. లోపల ఎవరో గురక పెట్టినట్టు చప్పుడు వచ్చింది. నీళ్లు రాలేదు.

"సౌకర్యం కలదు మేడం," అంది రాధమ్మ. "నీళ్లే లెవ్వు. కరెంటుంటే వస్తయి."

"ప్రశ్నల నీళ్లని లేదు, సౌకర్యం అనే ఉన్నది," అని శ్రీకాంత్ టిక్కు పెట్టేశాడు.

ఇలా గదులన్నీ తిరిగారు. ఎలుకల బోనులు కలవు. అగ్గి ఆర్పే డబ్బాలు కలవు. పాడైన సరుకును వేరుగా ఉంచే గది కలదు. ప్రతిదానికీ రాధమ్మ ముందుగానే కలదు అని, ప్రశ్నను వెనక నుంచి రానిస్తోంది. చివరికి శ్రీకాంత్ కాగితాలు మడిచి, "అంజవ్వ ఒక్కతే లోపం, మిగతాది అంతా పర్ఫెక్ట్," అని తేల్చాడు.

"బాగ చేసిండ్రు," అంది బాలమణి మనస్ఫూర్తిగానే. ఆ రోజు ఆమెకు ఒక్క విషయం తెలిసింది. ఫ్యాక్టరీలో ఏమేం ఉన్నాయో చెక్‌లిస్టు చెబుతుంది. అక్కడ ఏం జరుగుతుందో దానికి తెలియదు.

ఆమె నేరుగా గేటు దగ్గరికి వెళ్లి అంజవ్వ పక్కన కూర్చుంది. శ్రీకాంత్ వెనకే వచ్చాడు. సంగతేమిటో చూద్దామని అనంత్ రావు కూడా వచ్చాడు.

"అవ్వా, జర నోరు తెరువు."

అంజవ్వ కొంగు ఇంకా గట్టిగా అడ్డం పెట్టుకుంది. "నేను తియ్యలే, నేను ఎయ్యలే బిడ్డా. నాకు పండ్లే లెవ్వు, పెట్టుడు పండ్లు ఎక్కడియి? ఉంటే నేను గారెలు తినకపోదునా?"

"అందుకే తెరువుమంటున్న."

అంజవ్వ నోరు తెరిచింది. పైనా కిందా నున్నటి చిగుళ్లు. ఒక్క పన్ను లేదు. బాలమణి సాసరులోని పళ్లను చేతిరుమాలుతో ఎత్తి పట్టుకుంది.

"సార్, గీ రెండు కొక్కేలు ఎందుకు చెప్పుండ్రి?"

"ఎందుకు?" అన్నాడు అనంత్ రావు.

"పక్క పండ్లకు తగిలించడానికి. అటొక పన్ను, ఇటొక పన్ను గట్టిగ ఉంటెనే నడుమ గీ రెండు నిలవడ్తయి. అవ్వ నోట్ల తగిలించడానికి మొల ఏదీ? మనకు కావాల్సింది పండ్లు లేని మనిషి కాదు. పండ్లన్నీ ఉండి, ముంగటియి రెండే లేని మనిషి."

అనంత్ రావు ఆశ్చర్యంగా తన పళ్లను తానే తడుముకొని చూసుకున్నాడు. అంజవ్వ కొంగు కిందికి జారింది.

"గిదే ముచ్చట నిన్న ఎవలన్న అడిగినా బాగుండు," అంది గొణుగుతూ.

తర్వాత ఫ్యాక్టరీ వరండాలో నలభై నోళ్లు తెరుచుకున్నాయి. బాలమణి టార్చిలైటుతో వరస పొడుగునా నడిచింది. గుట్కా గారలు, బంగారు పన్ను ఒకటి, నవ్వాపుకోలేక పదే పదే మూసుకుపోయే నోళ్లు చాలా. ముందరి పళ్లు రెండు లేనివారు మాత్రం ఒక్కరూ లేరు. కావలి మనిషి రాజలింగం పిలవకముందే వచ్చి నోరు తెరిచాడు. చివర్లో అనంత్ రావు కూడా తెరిచాడు.

"ఇగ మీరు సార్," అంది బాలమణి.

శ్రీకాంత్ ఒకడుగు వెనక్కి వేశాడు. "ఆడిటర్‌ను ఆడిట్ చెయ్యరు మేడం. అది బేసిక్ రూల్."

"ఆడిటర్ తన పని తాను ఆడిట్ చెయ్యొద్దని గూడ ఒక రూలు ఉన్నదట గద?"

"మీకెవలు చెప్పిండ్రు?"

"ఎవలూ చెప్పలే. ఉంటదని అనుకున్న."

శ్రీకాంత్ మాస్కును ఇంకా పైకి లాక్కున్నాడు. అరగంట కింద వచ్చిన కరెంటు సరిగ్గా అప్పుడే మళ్లీ పోయింది. సింగరేణి బొగ్గు గనుల్లో కూడా సమ్మె కావడంతో ఆ రోజుల్లో కరెంటు ఎప్పుడు పోయేదీ, ఎప్పుడు వచ్చేదీ ఎవరూ చెప్పలేకపోయేవారు. మిక్సరు మిషను మూలిగి ఆగిపోయింది.

అప్పుడు జరిగింది చూసి బాలమణి నిలబడ్డచోటే నిలబడిపోయింది. ఎవరూ ఏమీ చెప్పలేదు. ఆడవాళ్లు నలుగురు లోపలికెళ్లి మిషనులోంచి మామిడి ముక్కలను పెద్ద ప్లాస్టిక్ టబ్బులోకి ఎత్తారు. ఇద్దరు టబ్బును మోసుకొచ్చి లారీలు ఎక్కించే వరండాలో, వెలుతురు ఉన్నచోట పెట్టారు. ఒకామె తెడ్డు తెచ్చింది. ఒకామె కారం గంపతో వచ్చింది. కరెంటు లేకున్నా పని ఆగకూడదు కదా. నల్లాలో నీళ్లు లేవు గనుక చేతులు కొంగులకు తుడుచుకున్నారు.

"ఇది మీ చెక్‌లిస్టుల ఉన్నదా సార్?" అంది బాలమణి.

"ఇది టెంపరరీ," అన్నాడు శ్రీకాంత్.

"ఎప్పటిసంది?"

"సమ్మె షురువైనప్పటిసంది మేడం," అంది రాధమ్మ. "మిషను కంటే గీ టబ్బుల కలిపిందే ఎక్కువ."

బాలమణి చీర కుచ్చిళ్లు పైకి దోపుకుంది. "అయితే నేను ఎవ్వలనూ ఏమీ అడుగ. సిరిసిల్లకు పోయిన తొక్కు కలిపిన నాడు ఎవలు ఎక్కడ నిలవడ్డరో అక్కడ నిలవడుండ్రి. ఎట్ల కలిపిండ్రో గట్ల కలుపుండ్రి. నాకు చెప్పకుండ్రి, చేసి చూపెట్టుండ్రి."

ఆడవాళ్లకు ఇది నాటకంలా తోచి హుషారు వచ్చింది. నువ్వు ఇక్కడ, నువ్వు అక్కడ అని ఒకరినొకరు నెట్టుకొని సర్దుకున్నారు. అంజవ్వను గేటు నుంచి పిలిపించారు. ఆమె తెడ్డు తీసుకొని తన చోట నిలబడింది. టబ్బుకు ఎదురుగా ఒక్కచోటు మాత్రం ఖాళీగా మిగిలింది.

"గీడ ఎవలు?"

"శ్రీకాంత్ సారు," అన్నారు నలుగురైదుగురు ఒకేసారి.

"నేను దూరంగనే ఉన్న!"

"దూరమెక్కడిది సార్?" అంది రాధమ్మ. "ఉప్పు సరిపోయిందా అని మీదికి వంగి నాకి చూడలేదా? గప్పుడే గద నేను ఆవపిండి కుమ్మరించింది."

"సారు మాస్కు గప్పుడు యాడున్నది?"

"గడ్డం కింద మేడం. మాస్కు మీదికెళ్లి నాకరాదు గద!"

"అయితే గట్లనే పెట్టుకోండ్రి సార్."

శ్రీకాంత్ మేనమామ వైపు చూశాడు. రక్షించమన్నట్టుంది ఆ చూపు. అనంత్ రావుకు అది అర్థం కాలేదు. "పెట్టుకో అల్లుడా. పోయేదేమున్నది?" అన్నాడు.

శ్రీకాంత్ మాస్కు గడ్డం కిందికి లాక్కొని, పెదవులు బిగబట్టి, టబ్బు మీదికి వంగాడు. రాధమ్మ ఆవపిండి గంపను ఒక్క ఊపున కుమ్మరించింది. పొలాల వైపు నుంచి వచ్చిన గాలి దాన్ని ఎత్తి వరండా అంతా చల్లింది.

మొదట అనంత్ రావు తుమ్మాడు. తర్వాత ఆడవాళ్లు వరసగా అందుకున్నారు. బాలమణి కూడా తుమ్మింది, కానీ కళ్లు మూయకుండా తుమ్మడానికి శాయశక్తులా ప్రయత్నించింది. శ్రీకాంత్ ముక్కు నలిపాడు. ఆకాశం వైపు చూశాడు. ఊపిరి బిగబట్టాడు. ముఖం ఎర్రబడి, నల్లబడి, చివరికి అణచుకున్న తుమ్ములన్నీ కలిసి ఒక్కటై బయటికి వచ్చాయి.

టప్పున ఏదో టబ్బులో పడింది.

తుమ్ములు ఆగిపోయాయి. అందరూ శ్రీకాంత్ నోటి వైపు చూశారు. అతను చేయి అడ్డం పెట్టుకున్నాడు గానీ అప్పటికే ఆలస్యమైంది. ముందర రెండు పళ్ల మేరకు కిటికీ తెరిచినట్టుంది.

"ఫారీ మామా," అన్నాడు.

నలభై మంది ఒక్కసారి నవ్వితే రేకుల కప్పు అదిరింది. రాజలింగం గేటు వదిలి పరుగెత్తుకొచ్చాడు. నవ్వనిది అంజవ్వ ఒక్కతే. ఆమె తెడ్డుతో నిదానంగా టబ్బులో వెతికి, పళ్లను పైకి తేల్చి, కొంగుకొసతో తుడిచి అతని చేతిలో పెట్టింది.

"కాలేజీల క్రికెట్ బాల్ తగిలింది," అన్నాడు శ్రీకాంత్ పళ్లను గుప్పిట్లో దాచుకొని, ఎవరి వైపూ చూడకుండా. "కరీంనగర్ ఫంబంధం ఖాయమైతున్నది. వాళ్లకు చెప్పలే. పాతయి టబ్బుల పడ్డయి. కొత్తయి చేయిద్దమంటే ఫమ్మె. డాక్టరు అచ్చు తియ్యకుండనే అందాజకు ఇచ్చిండు. నిలవడ్తలెవ్వు."

"మరి నా మీద ఎందుకేసినవ్ కొడుకా?" అంది అంజవ్వ.

గట్టిగా కూడా అనలేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగినట్టు అడిగింది. నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. శ్రీకాంత్ నోరు తెరిచి, పళ్లు గుర్తొచ్చి, మళ్లీ మూసుకున్నాడు. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆవపిండి వల్ల మాత్రం కాదు.

అనంత్ రావు గబగబా ముందుకు వచ్చాడు. "సరే సరే, దొరికింది గదా. అంజవ్వా, నువ్వు పనిలకు ఎక్కు. బాలమణమ్మా, మస్తు చేసినవ్. ఆడిట్ అయిపోయింది. గంగారాంకు నేను చెప్పుకుంట. నువ్వు ఇగ జగిత్యాలకు ఎల్లు, మళ్ల రోడ్లు బందైతయి."

బాలమణి చెప్పుల కోసం చూసుకుంటున్నదల్లా ఆగింది. పెళ్లి ఎంక్వైరీల్లో ఇలాంటి తొందర ఆమె చాలాసార్లు చూసింది. పిల్లవాడి తాగుడు బయటపడ్డాక కూడా తనను ఇంకా సాగనంపాలనే చూస్తున్నారంటే, తాగుడు కంటే పెద్దదేదో లోపల ఉందని అర్థం.

"సార్," అంది శ్రీకాంత్‌తో, మెత్తగా. "పండ్లు పడ్డయని మీకు తెలుసు. తెలిసి గూడ గా తొక్కు ఎట్ల పంపిచ్చిండ్రు?"

శ్రీకాంత్ తల ఎత్తాడు. ఆ ఒక్క ప్రశ్నకు అతని దగ్గర జవాబు ఉంది. "నేను పంపియ్యలే! తెడ్డుతోని ఎంత దేవినా దొరుకలే. అందుకే ఉప్పు ఎక్కువైందని చెప్పి డబ్బాలన్నిటికీ ఎర్రమూతలు పెట్టిచ్చిన. మంచి ఫరుకుకు నీలం మూత, పారేఫే ఫరుకుకు ఎర్రమూత. ఫత్యంగ చెప్తున్న మేడం. ఎర్రమూత డబ్బా గేటు దాటొద్దు. గుంత తీఫి పూడ్చిపెట్టాలె."

"రాధమ్మా, పెట్టిండ్రా?"

"మూతలు పెట్టినం మేడం. గా గదిల పెట్టి తాళమేసినం. గుంత తీసుడు మా పని కాదు."

బాలమణి సెల్‌ఫోన్ తీసి సిరిసిల్లకు కలిపింది. "గంగారాం అన్నా, మీకు వచ్చిన తొక్కుడబ్బా మూత ఏ రంగుది?"

"ఎర్రది," అన్నాడు గంగారాం. "రాస్తారోకోల నేను దాని మీదనే కూసున్న. ఎండకు మస్తు కాలుతున్నది. ఏంది, పండ్లు ఎవ్వలియో తెలిసిందా?"

"తెలిసింది. మళ్ల చేస్త," అని ఆమె ఫోన్ పెట్టేసింది. ఇంతసేపూ డబ్బా వెంట వెనక్కి నడిచింది. కలిపిన టబ్బు దాకా వచ్చి ఆగింది. ముందుకు ఎటు పోయిందో చూడనే లేదు. "గా ఎర్రమూతల గది చూడాలె."

"గందుల ఏమున్నదమ్మా చూడటానికి?" అన్నాడు అనంత్ రావు.

గది తాళం తీయించారు. పాడైన సరుకును వేరుగా ఉంచే గది కలదు అని శ్రీకాంత్ పొద్దున టిక్కు పెట్టిన గదే. అప్పుడు తలుపు చూశారు గానీ తీయలేదు. ఇప్పుడు తీస్తే లోపల నేల మీద డబ్బాలు ఉన్నచోట గుండ్రటి నూనె మరకలు మాత్రం మిగిలాయి. గది ఖాళీ.

రాధమ్మ గడపలో నిలబడి లోపలికి చూసి, గుండెల మీద చేయి వేసుకుంది. ఆ పెద్ద గొంతు పీలగా వచ్చింది. "డబ్బాలన్ని యాడికి పోయినయి? ట్యూబులైటు డబ్బాలు యాడున్నయి?"

"ఏం ట్యూబులైటు?" అంది బాలమణి.

"మొన్న మేం కలుపుతుంటే కరెంటు వచ్చింది మేడం. ఒక్కసారే పెద్దగ వచ్చి నెత్తి మీది ట్యూబులైటు పేలింది. గాజుపెంకులన్ని టబ్బులనే పడ్డయి. రెండు డబ్బాలైనయి. నేనే ఎర్రమూతలు పెట్టిన. ఎవ్వలూ ముట్టద్దని మూత మీద సుద్దతోని ఇంటూ గుర్తు గూడ గీసిన."

అందరూ అనంత్ రావు వైపు తిరిగారు. ఆయన రెండు చేతులూ జోడించాడు.

"ఉప్పు ఎక్కువైన తొక్కని అన్నరు," అన్నాడు. "మంచి మామిడికాయ, మంచి నూనె. మన్నుల పూడ్చిపెట్టుడు ఎందుకు, అన్నంల కలుపుకుంటే ఉప్పు ఎంత దెలుస్తదని... మొదటిసంది ఉద్యమానికి గా గదిలయే పంపిస్తున్న. గాజు సంగతి నాకెవ్వలు చెప్పలే. దేవుని సాక్షి, నాకు తెల్వది."

"ట్యూబులైటు డబ్బాలు ఎప్పుడు పంపిండ్రు?"

"ఇయ్యాల పొద్దుగాల. జగిత్యాల వంటా వార్పుకు. మన డ్రైవర్ ప్రేమ్‌సాగర్ ట్రాలీ ఆటోల తీస్కపోయిండు."

"రోడ్లన్ని రాస్తారోకోలే గద, ఏడనో ఆగి ఉంటడు," అన్నాడు శ్రీకాంత్ ఆశగా.

"ఆగడు," అన్నాడు అనంత్ రావు, ఏడుపు గొంతుతో. "తొక్కు బండంటే అందరు జై కొట్టి ఇడిచిపెడ్తున్రు."

బాలమణి అప్పటికే డ్రైవరు నంబరు అడిగి కొడుతోంది. చాలాసేపు మోగాక ఎత్తారు. ఫోనులోంచి డప్పుల మోత, పాట, వేలమంది చప్పట్లు ఒక్కసారి చెవిలో పడ్డాయి. నడుమ ఎక్కడో ప్రేమ్‌సాగర్ గొంతు.

"ఎవలూ?"

"ఫ్యాక్టరీకెళ్లి మాట్లాడుతున్న! తొక్కు వడ్డించిండ్రా?"

"ఏందక్కా? పప్పు అయింది! తొక్కు ఇప్పుడే వడ్డిస్తున్రు!"

"ఆపు! మూత మీద ఇంటూ గుర్తున్న డబ్బాలు రెండున్నయి! ఇంటూ గుర్తు!"

"ఆఁ, ఉన్నయక్కా! గుర్తు పెట్టిండ్రంటే స్పెషల్ అయి ఉంటదని పక్కకు పెట్టిచ్చిన!"

"గవి ముట్టద్దు! ఎవ్వలకూ పెట్టద్దు! ఇంటున్నవా? వాటిల గాజు ఉన్నది!"

డప్పులు ఇంకా జోరందుకున్నాయి. ప్రేమ్‌సాగర్ ఎవరితోనో ఏదో అరిచి, మళ్లీ ఫోను దగ్గరికి వచ్చాడు. గొంతు నిండా సంతోషం.

"సరే అక్కా, సమజైంది! స్టేజీ మీద నిరాహార దీక్షల కూసున్న పెద్దమనుషులు ఇప్పుడే దీక్ష ఇరమిస్తున్రు. మీరన్నట్టే, మొదటి ముద్దల గా స్పెషల్ తొక్కే పెట్టిస్తున్న!"